దోమరాట

2081వ సంవత్సరం, ఆషాఢం. సాయంత్రం ఐదు కాగానే మన్యంలోని జోడుగెడ్డ ఊళ్ళో దోమగంట మోగింది. అరవై ఇళ్ళ తలుపులు వాటంతట అవే మూసుకున్నాయి. ఇళ్ళలో మనుషులు లేరు.

దోమగంట ప్రభుత్వం పెట్టింది. అది మోగగానే తలుపు బిగుసుకుంటుంది, కిటికీ జాలీ సన్నబడుతుంది, గోడలోంచి కంటికి కనపడని మందు ఆవిరిలా ఊరుతుంది. ఆ ఇంట్లోకి దోమ దూరి బతికి బయటపడటం జరగని పని. ఏటికొక హంగు చేర్చుకుంటూ ఇంటిని ఇలా తయారు చెయ్యడానికి పెద్దలకు యాభై ఏళ్ళు పట్టింది. ఇంత తెలివి పెట్టి కట్టిన ఇంట్లో మనిషి అరగంట కూర్చుంటే ఉడికిపోతాడన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. అందుకని జోడుగెడ్డ వాళ్ళు వాటిలో పసుపు బస్తాలు పెట్టుకున్నారు. వాన ఎక్కువైతే మేకల్ని తోలేవారు. మన్యం మొత్తంలో మలేరియా నుంచి సంపూర్ణ రక్షణ పొందిన ప్రాణి మేక.

మనుషులు బయటే ఉన్నారు. వంట బయట, తిండి బయట, జీలుగుకల్లు బయట, తగవులు బయట, పడక కూడా వాకిట్లోనే. ఈ సంగతి మలేరియా శాఖ కంటే ముందు దోమ కనిపెట్టింది. ఇంట్లోకి పోయిన దోమ చచ్చింది. బయట ఉన్నది బతికి గుడ్లు పెట్టింది. యాభై ఏళ్ళు ఇదే జరిగితే ఏ దోమ మిగులుతుంది? బయటే కుట్టేది, పొద్దు వాలుతుండగానే కుట్టేది, కుట్టాక గోడ మీద వాలకుండా తుప్పల్లో నిద్రపోయేది. దీనికి డాక్టరేట్లు అక్కర్లేదు. డాక్టరేట్లు ఉన్నవాళ్ళు మాత్రం ఏటేటా ఇంటి లోపలి దోమల్ని లెక్కపెట్టి, సున్నా అని రాసి, 'జ్వరాలు ఎందుకు తగ్గుటలేదో పరిశీలించవలసి యున్నది' అని సంతకం పెట్టేవారు.

ఆ పరిశీలనకు చివరికి పనికొచ్చినవాడు పాంగి సొన్ను.

సొన్ను ఇరవై రెండేళ్ళు శాఖలో పనిచేశాడు. మోకాళ్ళ పైదాకా పంచె ఎగ్గట్టి, ఊరి వాగైన గెడ్డ ఒడ్డున బండ మీద కదలకుండా కూర్చోవాలి. దోమ కాలి మీద వాలాలి. అది సూది దింపే లోపల గాజు గొట్టంతో పీల్చి పట్టాలి. గొట్టం ఒక కొస నోట్లో, రెండో కొస దోమ మీద. దోమ గొంతులోకి పోకుండా మధ్యలో చిన్న వల. మలేరియా దోమ వెనకభాగం పైకెత్తి వాలుగా కూర్చుంటుంది కాబట్టి మసక వెలుతురులో కూడా అతనికి తెలిసిపోయేది. కాగితాల్లో ఈ ఉద్యోగం పేరు కీటక సేకరణ సహాయకుడు. ఊళ్ళో కాళ్ళకూలీ అనేవారు. పట్టినవి గొట్టంలోకి పోయాయి. పట్టలేనివి అతని కడుపులో బల్ల, అంటే ప్లీహం, పెంచాయి. ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెడితే రాయిలా తగిలేది.

మనిషిని ఎరగా కూర్చోబెట్టడం తప్పని తర్వాత చట్టం వచ్చింది. సొన్ను ఉద్యోగం పోయింది. అతను ఉద్యోగం వదిలే ముందు దోమల పరిశోధనశాల నుంచి డాక్టర్ పేరిశెట్టి హైమ వచ్చి, పద్దెనిమిది సాయంత్రాలు అతని పిక్కలకు తెల్లగుడ్డలు చుట్టి, చెమట పట్టాక సీసాల్లో పెట్టి తీసుకుపోయింది.

"దోమలకి నీ వాసనంటే ఎంత ప్రాణమో సొన్నూ! ఇన్ని ఊళ్ళు తిరిగాను, ఇలాంటి వాసన దొరకలేదు" అందామె సంబరంగా.

"మా ఆవిడికి మాత్రం పడీది కాదమ్మా" అన్నాడు సొన్ను.

ఆ గుడ్డల్లోంచి పుట్టింది దోమరాట. మనిషెత్తు కర్ర ఆకారంలో ఉండే యంత్రం. దానికి రెండు మాటలు తెలుసు. 'చంపు' అంటే అది మనిషిలా ఊపిరి వదులుతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది, సొన్ను పిక్కల వాసన పుట్టిస్తుంది. హైమ దానికి ఎరవాసన అని పేరు పెట్టింది. ఆ వాసన పట్టుకుని వచ్చిన దోమ వెంట్రుక లాంటి తీగెల వలకు తగిలి చస్తుంది. ఊళ్ళో రాటలన్నీ ఇలా పనిచేస్తే మూడు వానాకాలాల్లో ఆ చుట్టుపక్కల బయటి దోమ జాతే మిగలదని ఆమె లెక్క. లెక్క సరైనదే. అన్ని లెక్కల్లాగే ఇది కూడా మనుషులు వచ్చేవరకే సరైనది.

రెండో మాట ఆమెది కాదు. కమిటీలో పరిశోధనశాల డైరెక్టర్ పెట్టించాడు.

"దోమల్ని గుమ్మం ముందుకి పిలిచి చంపుతానంటే ఎవడు ఒప్పుకుంటాడమ్మా? పిలవడం దేనికి? తోలేస్తే పోలా?"

"తోలితే ఎక్కడికి పోతాయి సార్?"

"అది మన పరిధి కాదు."

అలా 'తోలు' అనే మాట చేరింది. ఆ మాట చెబితే రాట వెగటువాసన వదులుతుంది. నలభై అడుగుల దాకా దోమ నిలవలేదు. చావదు. పక్కకు పోతుంది.

మొదటి రాట హైమ తన ఇంటి ముందే పాతించుకుంది. జోడుగెడ్డకు అరవై రాటలు వచ్చాయి. ఇంటికొకటి వాకిట్లో పాతారు. హైమ ఊరందరినీ పసుపు ఎండబెట్టే కళ్ళంలో కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. సర్పంచి కిల్లో బలరాం ముందువరసలో కూర్చుని అడిగాడు.

"సంపు అంతే ముందల దోమల్ని పిలుస్తాదేటి?"

"పిలుస్తుంది. వచ్చినవన్నీ చస్తాయి."

"సస్తాయి, బాగుంది. పిలుపెందుకండి? నా పెళ్ళికే నాను ఊరందరినీ పిలవలేదు." అందరూ నవ్వారు. "మరి తోలు అంతే?"

"మీ వాకిలి వదిలి పక్కకి పోతాయి."

"పక్కకి అంతే?"

హైమ నోరు విప్పే లోపల జోడుగెడ్డకు అర్థమైపోయింది. యాభై ఏళ్ళుగా ఏ పాఠమూ బుర్రకెక్కని ఊరికి ఈ ఒక్కటీ నిమిషంలో ఎక్కింది. ఆ సాయంత్రానికి యాభైతొమ్మిది ఇళ్ళ ముందు యాభైతొమ్మిది గొంతులు రాటలతో 'తోలు' అన్నాయి.

సొన్ను ఒక్కడే 'చంపు' అన్నాడు.

అతని కూతురు జమునకు ఏడో నెల. మొగుడు సొరంగం పనికి దూరం పోయాడు. పోయినేడు ఇదే వానాకాలంలో, ఆరో నెల కడుపుతో ఉండగా జ్వరం తగిలి బిడ్డ లోపలే పోయింది. ఈసారి కూడా జ్వరం వస్తే బిడ్డతో పాటు తల్లి కూడా దక్కదని కింద ఆసుపత్రిలో చెప్పి పంపారు.

"ఊరందరికీ తెలివుంది, నీకే నేదేటయ్యా?" అంది జమున.

"డాక్టరమ్మ లెక్క సెప్పింది కదే. అందరూ సంపు అంతే మూడు వానాకాలాలు. మరింక దోమే ఉండదు."

"అందరూ ఎవులయ్యా? నువ్వూ నీ రాటానా? నాకు మూడు వానాకాలాల్లెవ్వు. రెండు నెల్లే ఉన్నాది."

"సూద్దాం. ఒకల్ని సూసి ఒకలు మారతారు."

జమున తండ్రి మొహం వంక చూసి నవ్వింది. మనుషుల గురించి ఆమె అంచనా తండ్రి అంచనా కంటే బాగుంది.

మూడో రోజుకే తేలిపోయింది. ఒక ఇంటి దోమల కోసం చేసిన రాటకు అరవై ఇళ్ళ దోమలు వచ్చి పడ్డాయి. యాభైతొమ్మిది చోట్ల నుంచి తోలేసినవాటికి పోవడానికి ఒకే చోటు, అక్కడ కమ్మటి పిక్కల వాసన కూడాను. పావుగంటకోసారి రాట ఆడగొంతుతో "వల నిండింది. శుభ్రం చేయండి" అనేది. సొన్ను చీపురు పట్టుకుని చచ్చిన దోమల్ని దులిపేవాడు. తట్టకు ఎత్తి పెంటలో పోసేవాడు. అతను అన్నం తినడానికి కూర్చుంటే వల నిండిపోయేది. వల నిండినా ఎరవాసన ఆగదు. ఆ లోపం ఎవరూ చూసుకోలేదు, ఎందుకంటే పరీక్షలో ఒకే రాట పెట్టి, పక్కన మనుషులు లేకుండా చూశారు. వాసనకు వచ్చిన దోమ, వల మీద చోటు లేక, అటూ ఇటూ చూసి జమున మీద వాలేది.

ఒక పూట ఆమె మోచేతుల మీద పదకొండు దద్దుర్లు లెక్కపెట్టాడు సొన్ను. లేచి ఊరి మీద పడ్డాడు.

"బలరాం బావా, ఒక్క వారం నీది సంపు మీద పెట్టు. నాది ఊపిరాడక సస్తన్నాది."

"పెడుదును గానీ బావా, మా ఇంట పసిపిల్లలు."

"నా ఇంట కడుపుతో ఉన్న పిల్ల."

"అందుకే కదేటి, నీ అనుభవం పెద్దది. ఇరవై ఏళ్ళు దోమలతో కాపరం సేసినోడివి. నువ్వుంతే మాకు దైర్నం." బలరాం అతని భుజం తట్టాడు కూడా. "నీ రాట మాత్రం మార్చకేం? ఊరికి అదొక్కటే దిక్కు."

మిగిలిన గుమ్మాలన్నీ అదే పాట, రాగం మాత్రం వేరు. ఒకడు దేవుడి మీద పెట్టాడు, ఒకామె మొగుడి మీద పెట్టింది. ఒక ముసలాయనకు హఠాత్తుగా చెవుడొచ్చింది.

సొన్ను ఇంటికొచ్చి రాట ముందు నిలబడి హైమకు కలపమన్నాడు. రాటలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యంత్రాలు, ఎక్కడున్న మనిషినైనా కలుపుతాయి.

"డాక్టరమ్మా, నానొక్కడినే మిగిలిపోనాను."

హైమ అంతా విని నిట్టూర్చింది. "జనానికి అవగాహన రావాలి సొన్నూ. నువ్వు ధైర్యంగా ఉండు. ఒకడు మొదలుపెడితేనే..."

"మీ ఇంటికాడ రాట దేని మీదుందమ్మా?"

"చంపు మీదే ఉంది. నేను తయారుచేసిందే కదా."

రాట మధ్యలో అందుకుంది. దానికి మొహమాటం అనే తీగె పెట్టడం మరిచిపోయారు. "సవరణ. డాక్టర్ హైమ ఇంటి రాట తోలు మీద ఉంది. పెట్టిన మొదటి సాయంత్రం నుంచి."



"మావారు మార్చి ఉంటారు" అంది హైమ.

"సవరణ. ఆ మాట చెప్పిన గొంతు..."

"ఆపు!" అంది హైమ.

సొన్నుకు కోపం రాలేదు. చాలాకాలంగా తప్పిన లెక్క ఒకటి సరిపోయినట్టు తల ఊపాడు. రాట వైపు తిరిగి, "తోలెయ్యి" అన్నాడు.

అరవై రాటలూ తోలడం మొదలెట్టాయి. ఊళ్ళో దోమ లేదు. జోడుగెడ్డ పండగ చేసుకుంది, కోడిని కోసింది. మర్నాటి సాయంత్రం తెలిసింది అవి ఎక్కడికి పోయాయో. గెడ్డ రేవుకి. నీళ్ళకి, స్నానానికి, బయటికి వెళ్ళడానికి ఊరంతటికీ ఉన్నది ఆ ఒక్క దారే. జమున కడుపు మోస్తూ రోజుకు నాలుగుసార్లు ఆ దారినే పోవాలి.

సొన్ను అటక మీద నుంచి పాత గాజు గొట్టం తీశాడు. నోటికొస తుడిచాడు. రేవుకు రెండు వందల అడుగుల అవతల, తన పాత బండ మీద, మోకాళ్ళ పైకి పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు.

పరిశోధనశాలలో హైమ ముందు నెలాఖరు నివేదిక తెరుచుకుంది. జోడుగెడ్డలో కొత్త జ్వరాలు లేవు. ఆమె నమ్మలేదు. తోలితే జ్వరాలు ఎలా పోతాయి?

"జోడుగెడ్డలో చంపు మీద ఎన్ని రాటలున్నాయి?" అని అడిగింది రాటల లెక్క చూసే యంత్రాన్ని.

"ఒకటి."

"సొన్ను ఇంటిదా?"

"కాదు. అది తోలు మీద ఉంది. ఇది గెడ్డ ఒడ్డున, బండ మీద."

"అక్కడ మనం రాట పాతలేదే!"

"ఊపిరి ఉంది. వేడి ముప్పై ఏడు. దోమలు అటు వెళుతున్నాయి, తిరిగి రావడం లేదు. వాసన మన ప్రమాణంతో నూటికి నూరు సరిపోయింది. మనం పాతిన వాటికంటే నాణ్యమైన రాట."

హైమ లేచి నిలబడింది. నూటికి నూరు సరిపోయే వాసన భూమ్మీద ఒకరికే ఉంది.

ఆమె వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. సొన్ను బండ మీద ఉన్నాడు. కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. గొట్టంతో పీల్చడం, మూత పెట్టడం, మళ్ళీ పీల్చడం. పాత ఒడుపు పోలేదు.

"లే సొన్నూ. ఇది చట్టవిరుద్ధం."

"ఎవుడి సట్టం అమ్మా? ఈటికి సెప్పినారేటి?" కాలి వైపు చూపించాడు. "అలగున నిలబడకండి, మిమ్మల్ని కుడతాయి."

హైమ గబుక్కున చీర కొంగు చేతుల మీదకు లాక్కుంది. సొన్ను నవ్వాడు.

"నీకు జ్వరం ఉంది. మందు వేసుకున్నావా?"

"ఏసుకుంతన్నాను. మందు ఏసిన మర్నాడే మల్లీ కుడతాదా నేదా? బల్ల పెరిగిపోనాదమ్మా. పర్నేదు. జమునకి తొమ్మిదో నెలొచ్చీసింది. ఇంకో పదేన్రోజులు."

"నేను డైరెక్టర్‌తో మాట్లాడతాను."

"మీ ఇంటికాడ రాటతోటి మాటాడినారేటి?"

ఆమె గెడ్డ వైపు చూసింది. "మా మనవడికి రెండేళ్ళు" అంది నెమ్మదిగా.

"అదే. అందరికీ ఎవులో ఒకలున్నారు." సొన్ను ఇంకో దోమను పీల్చాడు.

ఆమె డైరెక్టర్‌తో నిజంగానే మాట్లాడింది. ఆయన అంతా విని ముచ్చటపడిపోయాడు.

"అరవై రాటలకి ఒకటి! ఊరంతా సురక్షితం. ఇంతకంటే నిష్పత్తి ఎక్కడ దొరుకుతుందమ్మా?"

"సార్, అది మనిషి."

"మనిషని మీరంటున్నారు. మీ యంత్రం రాట అంటోంది. నివేదిక యంత్రం రాస్తుందా, మీరు రాస్తారా?"

నివేదిక యంత్రమే రాసింది. హైమ సంతకం పెట్టింది.

భాద్రపదంలో జమునకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం, ఇద్దరి నెత్తుర్లోనూ జ్వరం జాడ లేదు. సొన్ను ఆ పిల్లను ఒక్కసారి ఎత్తుకున్నాడు, "నా వాసన రానేదు కదా దీనికి?" అని అడిగాడు, మూడో రోజు తెలివి తప్పాడు. కింద ఆసుపత్రికి మోసుకుపోయారు. మోసినవాళ్ళు నలుగురూ వెలుతురుండగానే పరుగున తిరిగొచ్చారు.

ఆ సాయంత్రం అరవై రాటలూ ఒకే గొంతుతో అన్నాయి. "చంపు రాట లేదు. రేవు దగ్గర దోమల రాక పెరుగుతోంది. ఏదో ఒక రాటను చంపు మీదకు మార్చండి."

ఒక్క మాట చాలు. అరవై మందిలో ఎవరో ఒకరు ఆ మాట అంటే చాలు, ఒక్కొక్కరు ఒక్కో వారం వంతు వేసుకున్నా చాలు. జోడుగెడ్డ కళ్ళంలో గుమిగూడింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెల్లగా అన్ని చూపులూ ఒక వైపుకే తిరిగాయి. మూడురోజుల పిల్లను చంకనేసుకుని జమున తన గుమ్మంలో నిలబడి ఉంది.

"పాంగోళ్ళ వాసనే కదర్రా దోమలకి పడీది" అన్నాడు వెనక నుంచి ఎవడో.

"రక్తంలో ఉంతాదది" అంది ఒకామె. "ఆళ్ళకి అలవాటే."

అలా ఒక్క వానాకాలంలో ఒక కులం తయారైంది. ఇంకో రెండు వానాకాలాలు పోతే దానికో పురాణం కూడా పుట్టేది.

బలరాం గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. మాటలో తేనె ఉంది. "అమ్మా జమునా, మీ అయ్య దేవుడు. ఆ బండ కాళీగా ఉండకూడదమ్మా. పొద్దు వాలినప్పుడు రెండు గంటలే. నీ పిల్లని మేం సూసుకుంతాం, మా సొంత పిల్లలాగ."

జమున లోపలికి వెళ్ళింది, పిల్లను ఇంకా గట్టిగా పొదువుకుని, ఒక చేత్తో తండ్రి గాజు గొట్టం పట్టుకుని వచ్చింది. బుద్ధిమంతురాలు, బండకే పోతోంది అనుకుని ఊరు దారిచ్చింది. ఆమె బండకు పోలేదు. కళ్ళం మధ్యలోకి, సరిగ్గా బలరాం ముందుకొచ్చి నిలబడింది. గొట్టానికి గుడ్డ చుట్టి ఉంది, మూత బిగించి ఉంది.

"మా అయ్య పట్టిన ఆకర్రోజు దోమలు మావా ఇవి" అంది. "ఆయన్ని పడీసిన దోమలు. ఒక్కోదానికీ కడుపు నిండా జ్వరముంది."

"అదెందుకే ఇక్కడికి..."

"ఏటి భయం? తోలీ."

మూత పీకి గొట్టం ఊరి మీదకు విదిలించింది.

ఆ పరుగు చూసి తీరాలి. ముసలివాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చెవుడు వచ్చినాయన, అందరూ గుమ్మాలకు పడ్డారు. పసుపు బస్తాల మీద నుంచి ఎగిరి, మేకల్ని బయటికి తన్ని, లోపలికి దూరారు. బలరాం చెప్పు ఒకటి కళ్ళంలోనే ఉండిపోయింది. దోమగంట మోగింది, అరవై తలుపులూ బిగుసుకున్నాయి. జాలీలు సన్నబడ్డాయి. గోడల్లోంచి మందు ఊరింది. ఉడికిపోతూ, దగ్గుతూ, తెల్లవార్లూ ఒక్కడు బయటికి రాలేదు.

'జోడుగెడ్డలో నూరు శాతం జనం ఇళ్ళలోనే నిద్రించారు. యాభై ఏళ్ళ కృషి ఫలించింది' అని యంత్రం ఆ రాత్రికి రాత్రే నివేదిక పంపింది.

జమున వాకిట్లో కూర్చుని పిల్లకు పాలిస్తూ గొట్టాన్ని పైటతో తుడిచింది. అందులో దోమ ఒక్కటి కూడా లేదు. తండ్రి ఏ రోజు దోమల్ని ఆ రోజే చంపి, గొట్టం కడిగి పెట్టేవాడు.